ముందు వరసలో వెటకారం

డెస్మండ్ ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు వెనకెక్కడో ఒదిగి నిలబడకుండా, తిన్నగా ముందు వరసకి నడిచి, ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో చతికిలబడ్డాడు.

ఆగస్టా ప్రాట్‌కి ఒళ్ళు మండింది.

ఏటా జూన్‌లో మా ఊరి లైబ్రరీ హాల్లో పిడుదుల గురించి మాట్లాడేది ఆవిడే. పిడుదు కుడితే వచ్చే జబ్బుకి పక్కనున్న లైమ్ ఊరి పేరే పెట్టేశారు. అలాంటి చోట పిడుదంటే భయం లేనివాడు ఆవిడ దృష్టిలో ఆ పురుగుకన్నా లోకువ. డెస్మండ్ సరిగ్గా అలాంటివాడు. న్యూయార్క్ బాపతు. మే నెలలో ఆవిడ ఇంటికి వచ్చి, నిక్కరేసుకుని వెనక అడవిలో గడ్డి రాసుకుంటూ తిరిగాడు. "గసగసాల గింజంత పురుగు నన్నేం పీకుతుందండీ?" అని ఇకిలించాడు కూడా.

అటువంటి వెధవాయిని ఆవిడ కూతురు విన్నీ ప్రేమించింది.

"ఇవాళొక్క రోజు అతన్ని మనసు పెట్టి చూడమ్మా. అప్పటికీ నచ్చకపోతే ఈ పెళ్ళి మాట మళ్ళీ ఎత్తను," అంది పొద్దున. ఇప్పుడు హాలు చివర అందరికీ కాఫీలు పోస్తూ, అతని వీపు వంకే ఆశగా చూస్తోంది.

"లేత రంగు ప్యాంటు వేసుకోండి. అంచులు మేజోళ్ళలోకి దోపుకోండి," అంది ఆగస్టా.

"అలా దోపుకుంటే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదమ్మా," అన్నాడు ముసలి గిల్బర్ట్.

"దోపుకోకపోయినా రానివ్వడం లేదని విన్నానే!"

హాలంతా గొల్లుమంది. డెస్మండ్ మాత్రం మూతి ఓ పక్కకి లాగి ఊరుకున్నాడు. ఏదో పెద్ద మనసు చేసుకుని భరిస్తున్నట్టు.

ఆవిడ పళ్ళు బిగించి కొనసాగించింది. "ఇంటికి రాగానే మోకాళ్ళ వెనక, చంకల్లో, జుట్టు కుదుళ్ళలో వెతుక్కోండి. పిడుదు కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిన్నగా పైకి లాగండి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరసనాయిలు పుయ్యడం తెలివితక్కువ పనులు."

మళ్ళీ అదే మూతి విరుపు. పైగా ఈసారి కన్ను కొట్టాడు. కాబోయే అత్తగారికి!

ఆవిడ ముఖం కందగడ్డ అయింది. వాడు తాపీగా కాఫీ కప్పు ఎత్తాడు. సగం తాగాడు, సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఆవిడ ఇక ఆగలేకపోయింది.

"ఏమయ్యా, నేనేమన్నా నీకంత ఎగతాళిగా ఉందా?"

"అయ్యో, లేదండీ... పొద్దున్నించీ కాస్త..." మాట ముద్దముద్దగా వచ్చింది.

"పొద్దున్నించే మొదలెట్టావా! ఛీ! తాగొచ్చి, నలుగురిలో కూర్చుని, నన్ను చూసి వెకిలి వేషాలేస్తావా? లే! బయటికి నడు!"

అతను ఏదో చెప్పబోయాడు. "నడవమన్నానా!" అంది. ముందు వరసలో ఎవరో నవ్వారు. డెస్మండ్ తల దించుకుని, పక్క తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

విన్నీ అతని వెనక వెళ్ళలేదు. సిగ్గుతో చచ్చిపోతూ, అతను తొడిగిన ఉంగరం తీసి జేబులో వేసుకుంది.

"పీడా వదిలింది," అంది ఆగస్టా అందరికీ వినబడేలా. గొంతు సవరించుకుని, ఏటా చెప్పే పాఠం మళ్ళీ అందుకుంది.

"ఎక్కడ ఆగాం? ఆఁ, పిడుదు కుట్టిన కొన్ని వారాలకి కొందరికి ముఖం ఓ పక్క పడిపోతుంది, ఆ పక్క కన్ను మూతపడదు, తాగింది మూతి చివర్నుంచి కారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది, పాపం ఎంత మనసారా నవ్వబోయినా సగం మూతే నవ్వుతుంది."