చీకటి పదార్థమా?

మూడోసారి కూడా కిషన్ వ్యాసాన్ని రమ తిప్పి పంపింది.

"మళ్ల రాయి" అంది, కాగితాలు బల్ల మీదుగా తోసేస్తూ.

గోదావరిఖని దూరవిద్య కేంద్రంలో ఆదివారాలు ఎమ్మే తత్త్వశాస్త్రం క్లాసులు జరుగుతాయి. చెప్పేది రమ. వినేవాళ్లు పదకొండు మంది. అందులో బడిపంతుళ్లు ఉన్నారు, ఒక నర్సు ఉంది, శ్రీరాంపూర్ నుంచి బస్సెక్కి వచ్చే, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ బొగ్గుబాయి కార్మికుడు కిషన్ ఉన్నాడు. మిగతా పదిమందినీ రమ పేరు పెట్టి పిలిచేది. కిషన్‌ను మాత్రం "నువ్వే, చివరి బెంచీ" అనేది.

ఆమె అతని మీద పగబట్టిందని అందరికీ తెలుసు. కారణం కూడా తెలుసనే అనుకున్నారు. మొదటి రోజు క్లాసులో, చీకటి అనేది వస్తువు కాదు, వెలుతురు లేకపోవడమే చీకటి అని తర్కశాస్త్రకారులైన నైయాయికుల వాదం చెబుతోంది రమ. చివరి బెంచీలోంచి కిషన్ లేచాడు.

"ఉంటది మేడం. నేను రోజూ అండ్లనే పని చేస్త."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వే ఆమెకు గుచ్చుకుందని అందరూ అనుకున్నారు.

కిషన్ తన వ్యాసానికి ఆ చీకటినే పట్టుకున్నాడు. సెలవు దొరికినప్పుడల్లా మంథని పోయి ఓ పంతులు గారి దగ్గర సంస్కృతం నేర్చుకున్నాడు. భజన మండలిలో హార్మోనియం మెట్లు పట్టుకుని, ఏ రాగం ఏ పొద్దుకు చెందుతుందో రాసుకున్నాడు. పాత క్యాలెండర్ల వెనక బొగ్గుతో బొమ్మలు గీసి, నీడ లేకుండా ముఖానికి ఆకారం రాదని ఒక అధ్యాయమే రాశాడు.

రమ ఆ అధ్యాయాన్ని అడ్డంగా కొట్టేసింది.

"బొమ్మలు అన్నం పెడతయా?" అంది క్లాసు ముందే.

కిషన్ ముఖం పాలిపోయింది. తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

రాగాల అధ్యాయమూ కొట్టేసింది. సంస్కృతంలో తప్పులు వెతికి వెతికి చుట్లు గీసింది. గీసిన ప్రతిసారీ ఆమె గుండెల్లో చల్లగా ఉండేది. తాను చదువుకున్నప్పుడు తన ముందు బల్ల లేదు, గురువు లేడు. కుట్టుమిషన్ మీద పుస్తకం పెట్టుకుని, జాకెట్టుకూ జాకెట్టుకూ నడుమ ఓపెన్ డిగ్రీ, ఆపైన ఎమ్మే పూర్తి చేసింది. మళ్ల రాయి అని చెప్పిన వాళ్లు కూడా లేరు. ఇతనికేమో అన్నీ కావాలి. సంగీతం కావాలి, చిత్రకళ కావాలి, తర్కం కావాలి. ఎంత ఆశ!

నాలుగోసారి రాసి తెచ్చాక ఇక వైవా పెట్టక తప్పలేదు. కేంద్రం బాధ్యతలు చూసే వేణుమాధవ్ సార్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. వ్యాసం ఆయన రెండుసార్లు చదివాడు.

"చీకటి పదార్థమే అంటున్నవ్. ఎట్ల?" అని అడిగాడు.

"బాయిల టోపీ లైటు బందైతే చీకటి మీద పడ్తది సార్. భుజాల మీద బరువు తెలుస్తది. లేనిదానికి బరువు ఎక్కడిది?"

వేణుమాధవ్ ముచ్చటపడి నవ్వాడు. "ఇన్ని సంగతులు ఎట్ల పట్టుకున్నవ్ కిషన్? సంస్కృతం, హార్మోనియం, బొమ్మలు..."

"నాకు తెల్సినోల్లకు ఒకప్పుడు ఇవంటే పాణం సార్. అండ్ల ఏమున్నదో చూద్దామని మొదలువెట్టిన." కిషన్ బల్ల మీది కాగితాల వైపు చూశాడు. "చూసేసరికి నాకూ పాణమైనయ్."

రమ చేతిలో పెన్ను ఆగింది. మరుక్షణమే గట్టిగా పట్టుకుంది.

"నాదొక్క ప్రశ్న" అంది. "ఇంట్ల దీపం దానంతటదే కొండెక్కలేదు. ఒకలు కావాలని ఊదేసిన్రు. అప్పుడొచ్చిన చీకటి ఏంది? పదార్థమా? వెలుతురు లేకపోవడమా?"

కిషన్ బొగ్గు పొడి ఇంకిన వేళ్లతో బల్ల అంచు పట్టుకున్నాడు.

"దానికి నా తాన జవాబు లేదు మేడం."

"జవాబు లేనోల్లకు పట్టా లేదు."

వేణుమాధవ్ కంగారుపడ్డాడు. "మేడం, ఇది అన్యాయం. ఇంత మంచి వ్యాసం మన కేంద్రంలో ఇంతవరకు రాలేదు. నేను ఫస్టు క్లాసు ఇద్దామనుకున్న. మొదటి రోజు కోపం ఇంకా మనసుల పెట్టుకున్నరా?"

"గైడును నేను. నా సంతకం లేకుంటే పాస్ కాడు."

"పెద్ద ఆఫీసుకు అర్జీ పెట్టుకో కిషన్. నేను సాక్ష్యం చెప్త."

"వద్దు సార్" అన్నాడు కిషన్. "మేడం తప్పు లేదు." తర్వాత రమ వైపు తిరిగాడు. అతని కళ్లలో కోపం లేదు. అదే ఆమెను మరింత మండించింది.

"సంతకం పెట్టకు మేడం. మళ్ల రాసుకుంట. ఇంకో ఏడాది ఆదివారాలు వస్త."

మేడంను నువ్వనడం విని వేణుమాధవ్ ముఖం చిట్లించాడు. రమ అది పట్టించుకోలేదు. మార్కుల కాగితం దగ్గరికి లాక్కుంది.

పదో తరగతిలో ఉండగా 'బొమ్మలు అన్నం పెడతయా' అని తనను బడి మాన్పించి, పెళ్లి చేసి కొత్తగూడెం పంపేసిన తండ్రి కిషన్ పేరు పక్కన ఎర్ర సిరాతో 'ఫెయిల్' అని రాసింది.