మూకీ సినిమాలో ఏడుపు

“తలుపు పక్క సీట్లేనా? సరిగ్గా చూశారా?”

“చూశానే తల్లీ. ముందు నువ్వు కూర్చో.”

నవత కూర్చుంది. ఒళ్ళో పది నెలల లోహిత్ నిద్రపోతున్నాడు. వాడు పుట్టాక వెళ్ళిన ఒకే ఒక్క సినిమాలో వాడు రాగం అందుకుంటే, జనం గొణిగి గొణిగి సగంలోనే వీళ్ళని బయటికి పంపించారు. ఈసారైనా చివరిదాకా చూడాలని ఆమె ఆశ. అందులోనూ ఇది హాలీవుడ్ పుట్టిన కొత్తల్లో ఒక ఆడమనిషి తీసిన మూకీ సినిమా. బెడోక్‌లో ఇంటి దగ్గరే ఊరికే వేస్తున్నారని తువాస్ షిప్‌యార్డులో తోటి పనివాడెవరో చెబితే, తిరుమల పెళ్ళాంబిడ్డల్ని వెంటబెట్టుకొచ్చాడు.

“నూరేళ్ళ కిందటే ఆడది డైరెక్టరా!”

“మరేంటనుకున్నావ్? కథ కూడా ఆవిడదేనంట.”

దీపాలు ఆరాయి. తెర మీద ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని పని కోసం గడపగడపా ఎక్కుతోంది. మధ్యమధ్య ఇంగ్లీషు అక్షరాలు వచ్చి, నవత ఎనిమిదో తరగతి చదువుకు అందకుండానే మాయమైపోతున్నాయి.

“ఏం రాశారండీ?”

“బిడ్డ ఉన్నదానికి పనివ్వం అంటున్నారు.”

“మెల్లగా చదవండి బాబూ! తిట్టుకుంటారు.”

“ఎవరైనా తల తిప్పారా? ఊరికే హడలిపోతావ్.”

నిజమే, ఒక్కరూ ఉలకలేదు.

తెర మీది తల్లి బిడ్డను ఎవరి గుమ్మంలోనో వదిలి వెళ్ళబోతుండగా లోహిత్ లేచాడు. లేచి, కప్పు ఎగిరిపోయేలా మొదలుపెట్టాడు.

“అయిపోయింది నా సినిమా,” అంటూ నవత సంచీ అందుకుంది.

“నేను తీసుకెళ్తాలే, నువ్వు చూడు.”

“మీరెళ్తే నాకు చదివి చెప్పేదెవరు?”

వెనక వరసలోంచి ఒక చైనీస్ ఆంటీ చెయ్యి చాపి, నవత భుజం నొక్కి కూర్చోబెట్టింది. లోహిత్ ముఖం ముందు వేళ్ళు గమ్మత్తుగా ఆడించింది. వాడు ఆ వేళ్ళనే చూస్తూ, ఇంకో పది నిమిషాలు గొంతు చించుకుని గాని ఊరుకోలేదు. హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు.

తెర మీది తల్లి వెనక్కి పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకుంది. నవత కళ్ళు తుడుచుకుంది. చివరిదాకా చూసేసింది!

దీపాలు వెలిగాయి. జనమంతా చప్పట్లు కొట్టకుండా రెండు చేతులూ పైకెత్తి ఊపారు. వీడికే టాటా చెబుతున్నారనుకుని నవత లోహిత్ చెయ్యి పట్టుకుని ఊపించింది.

“ఎంత ఓర్పండీ వీళ్ళకి! ఆ ఆంటీకి ఒక మాట చెప్పండి.”

తిరుమల వెనక్కి తిరిగి ఇంగ్లీషులో, “సారీ ఆంటీ, మావాడు మిమ్మల్ని బాగా విసిగించాడు,” అన్నాడు.

ఆంటీ నవ్వింది. ఫోన్ తీసి ఏదో టైప్ చేసి అతని ముందు పెట్టింది. అది చదివి తిరుమల హాలంతా ఒకసారి కలయజూశాడు.

“ఏమంటోంది? కోపమొచ్చిందా?”

“ఇక్కడ మనకి తప్ప ఎవరికీ చెవులు వినపడవంట.”