స్కూలు ట్యాక్సూ, ట్రాంబోనూ

"ఒక్క డాలరు కూడా పెంచనివ్వను!" మంచు తోసే పారను డ్రైవ్‌వే మీద గట్టిగా దించి మరీ చెప్పాడు వీరభద్రం.

పక్కింటి ధాత్రి కదల్లేదు. ఫిబ్రవరిలో విన్నిపెగ్ చలికి మాట కూడా గడ్డకట్టేలా ఉంది. అయినా బతిమాలుతూనే ఉంది.

"కొంచెం ఆలోచించండి అంకుల్. ప్రావిన్స్ గవర్నమెంటు ఈ ఏడాది బళ్ళకి ఇచ్చింది టీచర్ల జీతాలకే చాలట్లేదు. మిగతాది మన ఇళ్ళ మీద వేసే స్కూలు ట్యాక్స్‌లోంచే రావాలి. అది పెంచకపోతే పిల్లలకి వాయిద్యాలు నేర్పే బ్యాండ్ క్లాసు తీసేస్తారట."

"తీసేస్తే తీసేయనీ. బడి నడపాల్సింది గవర్నమెంటు. వెళ్ళి ప్రావిన్స్‌ని అడగండి. మా ఇంట్లో బడికెళ్ళేదెవరు? నేనా, మీ ఆంటీనా?"

"అది కాదంకుల్..."

"అసలు ఆ బ్యాండ్ మాట నా దగ్గర ఎత్తకమ్మా! బడి నుంచి రాగానే మీ అమ్మాయి నిఖిల ఆ ట్రాంబోను బూర అందుకుంటుంది. మొదటిరోజు మా ఇంట్లోకి ట్రక్కేదో రివర్సులో వచ్చేస్తోందనుకుని బయటికి పరిగెత్తాను తెలుసా?"

ధాత్రికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఆ సాయంత్రమే స్కూలు బోర్డు బడ్జెట్ మీటింగు. ట్యాక్స్ పెంచాలా, క్లాసు తీసేయాలా అన్నది అక్కడే తేలుతుంది. పిల్లలున్నవాళ్ళు పెంచమంటారని బోర్డుకి తెలుసు. పిల్లలు లేని ఇళ్ళవాళ్ళు ఏమంటారన్నదే వాళ్ళ భయం. వీరభద్రం మాట్లాడతానని అప్పుడే పేరిచ్చేశాడు. ఆయన గొంతు విన్నాక ఇంకెవరి మాటా బోర్డుకి గుర్తుండదు.

సాయంత్రం స్కూలు జిమ్ నిండిపోయింది. బాస్కెట్‌బాల్ హూప్ కింద టేబుల్ వేసుకుని బోర్డు సభ్యులు కూర్చున్నారు. మూడో వరసలో వీరభద్రం, పక్కన ఆయన భార్య బేబీ. ఆయన పెదాలు కదుపుతూ స్పీచ్ మననం చేసుకుంటున్నాడు.

ధాత్రి వచ్చి ఆయనకి అవతలి పక్క కుర్చీలో కూర్చుంది.

"అంకుల్, పొద్దున మీరన్నదే కరెక్టు. పెంచొద్దనే చెప్పండి."

వీరభద్రం అనుమానంగా చూశాడు. "అంత తొందరగా ఎలా మారావమ్మా?"

"మేం పేరెంట్సంతా వేరే ఏర్పాటు చేసుకున్నాం. క్లాసు తీసేస్తే పిల్లలు వాయించుకోడానికి చోటు కావాలి కదా. మా గరాజ్ ఇస్తానన్నాను."

"మీ గరాజా? మా బెడ్రూమ్ పక్కనున్నదేనా?"

"అదే అంకుల్. ఓ పాతికమంది వస్తారు. ట్రంపెట్లు, డ్రమ్ములు, ట్యూబా అని ఒక పెద్ద బూరా. ట్యూబా వాయించే పిల్లాడు కొత్తవాడు, ఇంకా కుదరట్లేదు వాడికి. వాణ్ణి మాత్రం మీ గోడ వైపు కూర్చోబెడతాం, అటైతే గాలి కొట్టదు."

"రోజూనా?"

"రోజూ. శని, ఆదివారాలైతే పొద్దున్నే."

వీరభద్రం భార్య వైపు తిరిగాడు. బేబీ మఫ్లర్ సర్దుకుంటూ, "పోన్లెండి, పిల్లలే కదా" అంది.

అంతలో మైకులో ఆయన పేరు పిలిచారు.

వీరభద్రం నడిచి వెళ్ళి మైకు పట్టుకున్నాడు. మూడో వరసలో ఉన్న ధాత్రి వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆయన గొంతు ఖంగుమంది.

"నాకు బడికెళ్ళే పిల్లలు లేరు. అయినా చెబుతున్నాను. సంగీతం ఉండాల్సింది బడిలో! నాలుగు గోడల మధ్య, తలుపులు మూసిన గదిలో! పిల్లల్ని అక్కడి నుంచి బయటికి వెళ్ళగొడితే ఈ ఊరు ఏమైపోతుందో ఆలోచించారా? ప్రావిన్స్ చాలినంత ఇవ్వకపోతే మనం ఇద్దాం. నా ట్యాక్స్ పెంచండి! ఇంకాస్త పెంచి ఆ గదికి మందమైన తలుపులు కూడా పెట్టించండి!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. చైర్‌పర్సన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "పిల్లలు లేని ఇంటి నుంచి ఇంత మంచి మాట వినడం నాకిదే మొదటిసారి" అంది. ఇక పెంచొద్దని మాట్లాడటానికి వచ్చినవాళ్ళు కూడా మైకు దాకా రాలేదు. బోర్డు చేతులెత్తి ఓటు వేసింది. ట్యాక్స్ పెరిగింది, బ్యాండ్ నిలబడింది.

బయట పార్కింగ్ లాట్‌లో వీరభద్రం కారు అద్దం మీద మంచు గీకుతున్నాడు. వచ్చేపోయేవాళ్ళంతా ఆగి ఆయనకి షేక్‌హ్యాండ్ ఇస్తున్నారు. ఆయన కూడా తను నిజంగానే గొప్పపని చేశానని నమ్మడం మొదలుపెట్టాడు.

ధాత్రి బేబీని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది.

"థ్యాంక్స్ ఆంటీ! మధ్యాహ్నం మీరు ఫోన్లో చెప్పినట్టే, పొల్లు పోకుండా అప్పజెప్పేశాను. కానీ అంకుల్‌తో అబద్ధం చెప్పానని మనసు పీకుతోంది. ఆ ట్రాంబోను దగ్గర్నుంచి వాయిద్యాలన్నీ స్కూలువే. క్లాసు తీసేసుంటే అన్నీ వెనక్కి ఇచ్చేయాల్సిందే. మీకు ట్యాక్సూ పెరిగేది కాదు, మా గోలా ఉండేది కాదు. మరి నాకీ ఉపాయం ఎందుకు చెప్పారాంటీ?"

బేబీ ఓసారి భర్త వైపు చూసి, ఆయనకి వినపడదని తేల్చుకుంది.

"మీ నిఖిల ట్రాంబోను మొదలెట్టగానే మీ అంకుల్ బేస్‌మెంట్‌లోకి పోయి తలుపేసుకుంటారమ్మా. రోజు మొత్తంలో నేను ప్రశాంతంగా కూర్చుని టీ తాగేది ఆ కాసేపే!"