ఏ పెడల్ ఉంచుకుంటారు?

“ఆపండి బాబూ! మేకపిల్ల పీక నొక్కినట్టుంది,” అని అరిచారు నాన్నమ్మ రత్నమాణిక్యంగారు. ఇంట్లో గోల భరించలేక మనవణ్ణి గేదెల పాకలోకి తరిమింది ఆవిడే.

చైతన్య బాస్ గిటార్ ఆపాడు. తొక్కితే “వావ్” అనే వా పెడళ్లు రెండిచ్చి, నచ్చింది ఉంచుకోమన్నాడు రాజమండ్రి షాపాయన.

“ఇది మామూలు గిటార్‌దండి. బాస్‌కి పెడితే గొంతు సన్నబడుతోంది. రెండోది వినండి.”

“దూడ పోయిన దగ్గర్నుంచి గేదె పాలు చేపడం లేదు. పైగా మీ గోలొకటి!” ఖాళీ తపేలా చూపించారావిడ.

చైతన్య రెండో పెడల్ తగిలించి, లావు తీగ మీటి, మెల్లగా తొక్కాడు.

“ఉంవా...”

గేదె మేత మానేసి తలెత్తింది. తనూ “ఉం...” అంది.

“ఆపకండి బాబూ!” నాన్నమ్మగారు తపేలాతో పొదుగు దగ్గర కూలబడ్డారు. పాలు చుర్రుచుర్రుమన్నాయి.

ఫోన్ మోగింది. చైతన్య స్పీకర్ నొక్కి మళ్లీ వాయించసాగాడు.

“ఏది ఉంచుకుంటున్నారండి?” షాపాయన అడిగాడు. “రెండోదైతే ఆదివారం మీ ప్రోగ్రాంలో అదిరిపోద్దండి!”

“రెండోదే నాయనా, అచ్చం మా దూడ గొంతే,” గేదె పక్కనుంచి చెప్పారు నాన్నమ్మగారు. “ప్రోగ్రాం మాత్రం సాయంత్రం పాలు తీశాక పెట్టుకోమనండి.”