పక్కింటి గిన్నె

"రేపట్నుంచి క్లాసు లేదా? మేమేం తప్పు చేశాం మిస్?"

జుమానా గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది. పద్నాలుగేళ్ల పిల్ల, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. హనాదీ చేతిలో తాళం ఉంది. కాళ్ల దగ్గర అట్టపెట్టెలో చాపలు, రంగు పెన్సిళ్లు.

"తప్పు మీది కాదమ్మా. నా క్లాసు వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదట."

"ఎవరా అన్నది? నాకు ఒరిగింది! ఇప్పుడు తలుపు దడేల్మంటే మంచం కిందకి దూరట్లేదుగా!"

హనాదీకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. పొద్దున రాజధాని అమ్మాన్ నుంచి డాక్టరమ్మ ఫోన్లో అన్న మాటలు ఇంకా చెవుల్లో గింగురుమంటున్నాయి. యుద్ధంలోంచి బతికొచ్చిన ఆడపిల్లల మనసు మళ్లీ నిలదొక్కుకోవడానికి ఈ క్లాసు పనికొస్తుందా, రాదా అని తేల్చే పరిశోధన ఇది. శరణార్థుల శిబిరంలో ఈ వీధి పిల్లలకి చీటీలు తీశారు. సగంమందికి ముందు క్లాసు. తక్కిన సగం ఆగాలి, వాళ్ల వంతు తర్వాత. తీరా ఇప్పుడు పోల్చి చూస్తే రెండు గుంపులూ ఒకేలా కోలుకున్నాయట. వింటే కడుపు మండదూ!

"రానివాళ్లు కూడా వచ్చినవాళ్లలాగే నిద్రపోతున్నారు, నవ్వుతున్నారు. ఇంక నీ క్లాసెందుకు హనాదీ? పిల్లలు గట్టివాళ్లు. వాళ్లంతట వాళ్లే తేరుకుంటున్నారు," అంది డాక్టరమ్మ.

"పోనీ, ఆగినవాళ్ల వంతన్నా కానివ్వండి మేడమ్. మాటిచ్చాం. ఆ బుతూల్ ఇంకా..."

"డబ్బిచ్చేవాళ్లు వెళ్లిపోయారు. తాళం వేసి వచ్చెయ్."

బుతూల్ ఉండేది జుమానా వాళ్ల పక్క రేకు గదిలోనే. కళ్ల ముందు ఇల్లు కూలిన రోజు నుంచీ ఆ పిల్ల నోరు విప్పలేదు. చీటీలో తన పేరు రానినాడు గోడవైపు తిరిగి కూర్చుంటే, "నీ వంతూ వస్తుందే తల్లీ, పూచీ నాది," అని గడ్డం పట్టుకుని చెప్పింది హనాదీయే. ఇప్పుడా పూచీ నీళ్లపాలు. ఏ మొహం పెట్టుకుని ఆ పిల్ల ముందు నిలబడాలి?

తాళం వేసి కదలబోతుంటే జుమానా చెయ్యి పట్టుకుంది. "ఇఫ్తార్‌కి మా ఇంటికి రండి మిస్. అమ్మ తీసుకురమ్మంది."

కాదనలేకపోయింది.

జుమానా వాళ్లమ్మ ఉమ్ము వాయిల్ పొయ్యి మీద పప్పుచారు కలుపుతోంది. హనాదీని కూర్చోబెట్టి, మొదటి గిన్నె నింపి, మూతపెట్టి కూతురి చేతిలో పెట్టింది.

"పో, బుతూల్ వాళ్లకిచ్చి రా. అక్కడే పాతుకుపోకు!"

జుమానా తుర్రుమంది. తల్లి నొసలు కొట్టుకుంది.

"గిన్నె ఇచ్చి రావడానికి ఈవిడగారికి గంట పడుతుంది మిస్. చలికాలం నుంచీ ఇదే తంతు. అడిగితే, 'వస్తున్నా కదమ్మా' అంటుంది. మీరన్నా నాలుగు చీవాట్లు పెట్టండి."

"ఇక నేనెక్కడుంటాను వదినా, చీవాట్లు పెట్టడానికి," అంది హనాదీ. ఉమ్ము వాయిల్ గరిటె పక్కన పెట్టి, ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

పొద్దు వాలిపోయింది. ఉపవాసం విడవమని మసీదు నుంచి పిలుపు వచ్చే వేళైంది. జుమానా జాడ లేదు.

"ఉండండి, నేను పిలుచుకొస్తా," అని హనాదీ లేచింది. వెళ్లేముందు బుతూల్‌కి ఆ చేదు కబురు తనే చెప్పెయ్యాలి కదా.

పక్క గది గుమ్మం బయట మూతపెట్టిన గిన్నెలు బారుగా ఉన్నాయి. ఇన్ని గిన్నెలేమిటా అనుకుంటూ ఓరగా వేసిన తలుపు తోసింది.

లోపల ఆడపిల్లలు గుండ్రంగా, ఇరుక్కుని కూర్చున్నారు. వంతు రాని పిల్లలంతా గిన్నె ఇచ్చే సాకుతో అక్కడే చేరారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఖాళీ చేతులు దోసిళ్లు పట్టి ఉన్నాయి. మధ్యలో జుమానా.

"వేడి చారు గిన్నె మీ చేతుల్లో ఉంది. తొందరేం లేదు. మెల్లగా ఊదండి. మీ భయం కూడా దాంతోపాటే చల్లారుతుంది."

అది ఏ పుస్తకంలోనూ లేదు. హనాదీ తన బుర్రతో అల్లుకున్నది. మాటలే కాదు, 'మెల్లగా' అని సాగదీసే ఆ తీరు కూడా తనదే.

మూలన బుతూల్ దోసిట్లోకి ఊదింది. మళ్లీ ఊదింది. "చల్లారింది," అంది చిన్నగా.

హనాదీ ఆ గొంతు వినడం అదే మొదలు. ఆనుకున్న తలుపు కిర్రుమంది. ఒక గుంపు నేర్చుకున్నది రెండో గుంపుకి చేరితే లెక్కంతా చెత్తబుట్టపాలే అని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. ఆ సంగతి పిల్లలకి చెప్పాలని తనకే తట్టలేదు. వాళ్లంతట వాళ్లే తేరుకున్నారట!

చప్పుడుకి జుమానా కళ్లు తెరిచి ఉలిక్కిపడింది.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"మొదటి క్లాసు నుంచీ మిస్. మన దగ్గర ఎవరేం చెప్పుకుని ఏడ్చారో ఒక్క ముక్క బయట పెట్టలేదు, ఒట్టు! మీరు నేర్పింది మాత్రమే..."

"ఎందుకు చేశావే తల్లీ ఇంత పని?"

ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూసింది జుమానా.

"ఇంట్లో ఏం వండినా, పక్కింటికి పెట్టకుండా మనం తినం కదా మిస్!"