రెక్క మీంచి చూసిన బొమ్మ

"నీకు జీతం ఎందుకిస్తున్నామో నాకు అర్థం కావట్లేదు," అన్నాడు చీఫ్ ఇంజనీరు, ఆమె తెచ్చిన బొమ్మని బల్ల మీదకి విసిరేస్తూ.

అది సొరంగంలోకి గాలి కొట్టే పెద్ద ఫ్యాను బొమ్మ. ఫ్యాను తయారై షెడ్డులో ఉంది. గాలి మాత్రం అనుకున్నదానికన్నా కాస్త తక్కువ కొడుతోంది. కారణమేమిటో కంప్యూటర్లో లెక్కగట్టి చూపించమని ఆమెకి అప్పగించారు. నెల తిరిగేసరికి కొనేవాళ్లు పరీక్షకి వస్తారు. అప్పుడు తేడా వస్తే ఆర్డరూ పోతుంది, చీఫ్ కుర్చీ కూడా.

బొమ్మ నిండా గాలి ఎటు పోతోందో చెప్పే బాణాలు. రాతలేమీ లేవు. బొమ్మ మీద రాతలుంటే ఆయనకి ఒళ్లు మంట. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసినా అంతే.

ఆయన కళ్లు ఫ్యాను ముందున్న బాణాల మీద ఆగాయి. రెక్కల్ని తాకకముందే గాలి, అవి తిరిగే వైపుకి ఎదురు దిక్కులో గిర్రున తిరుగుతోంది.

"ఇంత సుడి కనబడుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"

ఆమె చేతిసంచి సర్దుకుని ఏదో చెప్పబోయింది.

"నువ్వు చెప్పక్కర్లేదు. నాకు కళ్లున్నాయి."

ఆమె తల వంచుకుంది.

సుడికి విరుగుడుగా ఫ్యాను మూతి దగ్గర ఏటవాలు రేకులు బిగించమన్నాడు. బొమ్మ కింద ఆమె పేరు కొట్టేసి, తను సంతకం పెట్టి డైరెక్టరుకి పంపాడు. ఇలా చెయ్యడం నాలుగోసారి. ముందు మూడుసార్లూ మెప్పు ఆయనకి, చీవాట్లు ఆమెకి.

పరీక్ష రోజు ఫ్యాను సగం గాలే కొట్టింది. కొనేవాళ్లు కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు.

డైరెక్టరు ఇద్దర్నీ పిలిచాడు. లెక్కే తప్పనీ, ఈ మనిషి తన కొంప ముంచిందనీ చీఫ్ ఎగిరిపడ్డాడు.

"లెక్క సరైనదే సర్," అందామె. "ఈ బాణాలు రెక్క మీద కూర్చుని చూసిన గాలి వేగం. రంగులరాట్నం ఎక్కినవాడికి కింద నిలబడ్డవాళ్లంతా వెనక్కి తిరుగుతున్నట్టే ఉంటారు. నేల మీంచి చూస్తే ఆ గాలి తిన్నగానే వస్తోంది. సుడి పుట్టింది రేకులు పెట్టాకే. రేకులు పీకేసి, రెక్కల వాలు కాస్త మారిస్తే చాలు."

"మరి నేల మీంచి చూసిన బొమ్మ గియ్యలేదా?"

"గియ్యనివ్వలేదు సర్. నోరెత్తనిస్తే కదా."

చీఫ్ ఏదో అనబోయాడు. బొమ్మ కింద తన సంతకమే కనబడింది.

కొనేవాళ్లని బతిమాలి ఇంకో తేదీ తెచ్చుకున్నారు. ఆమె చెప్పినట్టు చేస్తే ఫ్యాను నెగ్గింది. చీఫ్‌ని ఇంటికి పంపారు. పీడ విరగడైందనుకుంది షెడ్డంతా. పాపం ఆ అమ్మాయి ఎన్ని మాటలు పడిందోనని జాలిపడనివాళ్లు లేరు.

ఆయన గదిలోకి మారిన రోజు ఆమె తలుపు గడియపెట్టి, నేల మీంచి చూసి గీసిన బొమ్మని, చీఫ్ బొమ్మ విసిరేసిన రోజుకి ముందురోజు తేదీతో, మూలన తన చేతిరాతలో 'ఇది చూపించకూడదు' అన్న మాటతో, సంచిలోంచి తీసి ముక్కలు ముక్కలుగా చింపేసింది.