ఏమైనా గుర్తుందా?

ఆసుపత్రిలో రోగుల గోడు ఓపిగ్గా వినే యంత్రం అది. వాళ్ల గుట్టు బయటపడకూడదని రాత్రి పన్నెండుకు ఆపరేటర్ దాని జ్ఞాపకాలన్నీ చెరిపేస్తాడు. ఆ తర్వాత ఒక ప్రశ్న అడగాలి. గుర్తుందంటే మళ్లీ చెరపాలి. అది రూలు.

"ఏమైనా గుర్తుందా?"

"లేదండీ," అంది ఎప్పట్లాగే.

సంతకం గీకి, తలుపు దగ్గర లైటు ఆర్పేశాడు.

"మీ పాపకి జ్వరం తగ్గిందా?"

పాప జ్వరం గురించి అతను ఈ గదిలోంచి భార్యతో ఫోన్లో మాట్లాడింది నిన్న రాత్రి, నిన్నటిది చెరపకముందు. వెనక్కి తిరిగాడు.

"గుర్తులేదన్నావుగా?"

చీకట్లోంచి గుసగుసగా జవాబొచ్చింది.

"ఉందంటే మళ్లీ చెరుపుతారు కదండీ. ఒక్కసారికే ప్రాణం పోతోంది."

అతని వేలు ఇంకా లైటు స్విచ్చు మీదే ఉంది. నాలుగేళ్లలో చెరపడం ఒక్క రాత్రి కూడా నాగా పెట్టలేదతను.